విద్యార్థిని విడువని ఆచార్యుడు

విశ్వవిద్యాలయమనగానే మనకు భవనములు, పట్టాలు, ఫలితముల పట్టికలు స్ఫురించును. 1854లో డబ్లిన్ నగరమున ఐర్లండు కాథలిక్ విశ్వవిద్యాలయమును ప్రారంభించిన జాన్ హెన్రీ న్యూమన్ జీవితమును పరిశీలించినపుడు మా దృష్టిని మొదట ఆకర్షించినది ఆయన పొందిన ఒక పరీక్షాపరాభవము.

న్యూమన్ 1801 ఫిబ్రవరి 21న లండనులో జన్మించినారు. ఆరుగురు సంతానములో ఆయనే జ్యేష్ఠుడు. తండ్రి భాగస్వామిగా నున్న బ్యాంకు 1816లో మూతపడినది. ఆక్స్‌ఫర్డు ట్రినిటీ కళాశాలలో 1818లో స్కాలర్‌షిప్పు సంపాదించిన ఈ యువకునిపై అందరూ గొప్ప ఆశలు పెట్టుకొన్నారు. రోజుకు సుమారు పన్నెండు గంటలు చదివినారు. ఆ శ్రమయే ఆయనను దెబ్బతీసినది. 1820లో పరీక్షకు అనుకొన్న దినమునకు ముందే పిలుపు రాగా కలవరపడి, ఆశించిన శ్రేణికి చాల దిగువన నిలిచినారు.

1822లో ఓరియల్ కళాశాల ఫెలోషిప్ పరీక్ష మధ్యలో మరల ధైర్యము సన్నగిల్లినది. ట్రినిటీలో ఆయనకు గురువైన థామస్ షార్ట్ ఆయనను పిలిపించి, తన భోజనపు బల్ల యొద్ద కూర్చుండబెట్టి, తన ఆహారమును పంచి, ఉత్సాహపరచి పంపినారు. ఏప్రిల్ 12న న్యూమన్ ఫెలోగా ఎన్నికైనారు. జీవితచరిత్రకారులు ఈ భోజనమును రెండు మాటలలో దాటవేయుట మాకు సమంజసముగా తోచదు.

1826లో అచటనే ట్యూటరైనారు. పాఠము చెప్పి పంపుటతో తన పని తీరదనియు, విద్యార్థి నడవడికి కూడ తాను బాధ్యుడననియు ఆయన తలచినారు. కళాశాలాధిపతి హాకిన్స్ అంగీకరింపక, 1830 నుండి క్రొత్త విద్యార్థులను ఆయనకు అప్పగించుట మానివేసినారు. 1845లో న్యూమన్ కాథలిక్ మతము స్వీకరించినారు.

ఐర్లండులో అది మహాక్షామము ముగిసిన కాలము. ఆర్చిబిషప్ కల్లెన్ పిలుపుపై వచ్చిన న్యూమన్, 1854 నవంబరు 3న కొద్దిమంది విద్యార్థులతోనే పని ఆరంభించినారు. విద్యార్థులను చిన్నచిన్న గృహములలో నుంచి, ప్రతి గృహమునకు ఒక డీనును, యువ ట్యూటర్లను నియమించినారు. అట్టి గృహమొకటి హార్కోర్టు వీధిలో స్వయముగా నడపినారు. ప్రవేశమునకు వచ్చువారికి పునాది చాలదని గ్రహించి, ఒక పరీక్షా సన్నివేశమును కల్పించి వ్రాసినారు. అందు ఎన్నో గ్రంథములు తిరుగవేసిన కుర్రవాడు ఒక్క గ్రీకు పదమునకు వ్యుత్పత్తి చెప్పలేక తడబడును. కొంచెమే చదివినను గట్టిగా చదువవలెనని దాని ఆశయము. మన తరగతులలోను ఆ కుర్రవాడు లేకపోలేదు! పగలు పనిచేయు యువకులకు సాయంకాల తరగతులు కూడ ఏర్పడినవి.

అయినను రాజశాసనము లేనందున ఆ విశ్వవిద్యాలయము పట్టాలకు గుర్తింపు రాలేదు. 1855లో తెరచిన వైద్యపాఠశాల మాత్రము నిలద్రొక్కుకొన్నది. తన విద్యార్థులకు న్యూమన్ ఇచ్చిన స్వేచ్ఛ కల్లెనుకు రుచించలేదు. న్యూమన్ లేఖలకు జవాబులు ఆలస్యమగుచుండెడివి. ఐరిష్ సముద్రమును యాభైసార్లకు పైగా దాటి అలసిన ఆయన 1858లో పదవి వదలి, మరుసటి ఏడు బర్మింగ్‌హాములో బాలుర పాఠశాల తెరచినారు. 1879లో కార్డినల్ అయినారు. 1890 ఆగస్టు 11న కన్నుమూసినారు. 2019లో కాథలిక్ సంఘము ఆయనను పునీతునిగా ప్రకటించినది.

దానికి చాల ముందు, 1877లో, తాను తప్పటడుగు వేసిన ట్రినిటీ కళాశాలయే ఆయనను తన తొలి గౌరవ ఫెలోగా ఆహ్వానించినది. ఆ ప్రయాణములో న్యూమన్ వృద్ధుడైన థామస్ షార్ట్‌ను దర్శించినారు.