బ్రౌన్ దొర ఫైళ్లు



తెనాలి, బాపట్ల, రేపల్లె బ్రాంచీల్లో ఈ నెల కంప్యూటర్ పీరియడ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్, ఫైళ్లు, ఫోల్డర్ల పాఠం నడుస్తోంది. ఇంట్లో పిల్లలు అడిగితే మీరూ చెప్పగలిగేలా, తాటాకుల కాలం నాటి ఒకాయన కథ చెబుతాం. ఆయన మీకు కొత్తవారేం కాదు, సి.పి. బ్రౌన్.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. పద్నాలుగో ఏట తండ్రి పోవడంతో కుటుంబం ఇంగ్లండు చేరింది. అక్కడ చదువుకుని, 1817లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసులో దిగారు. వెలగపూడి కోదండరామ పంతులు గారు ఆయనకు తెలుగు నేర్పారు. 1820లో కడపలో ఉద్యోగం, తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి, మళ్లీ కడప.

1824 ప్రాంతంలో ఆయన మనసు వేమన మీదికి మళ్లింది. పద్యాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికించి తాటాకు ప్రతులు తెప్పించారు. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఒక కట్టలో ఉన్న పద్యం ఇంకో కట్టలో లేదు. ఉన్నా అదే మాట కాదు, అదే వరుస కాదు. రాసేవాడు మారినప్పుడల్లా ఒక తప్పు చేరింది, ఒక పాదం జారింది. కొన్ని ఆకులు పురుగు తినేసింది.

మీ ఫోన్ తెరిచి చూడండి. బాబు బోనఫైడ్ సర్టిఫికెట్ ఒకటి ‘ఫైనల్’, ఒకటి ‘ఫైనల్ కొత్తది’, మరొకటి వాట్సాప్ పెట్టిన అంకెల పేరుతో. ఏది సరైనది? బ్రౌన్ ముందున్న చిక్కూ ఇదే.

ఆయన ఏం చేశారంటే, ఒకే పుస్తకానికి ఎన్ని ప్రతులు దొరికితే అన్నీ తెప్పించారు. పద్యాలకు అంకెలు వేయించి, అకారాది సూచిక రాయించారు. పండితులను కూర్చోబెట్టి ప్రతులు పక్కపక్కన పెట్టి పోల్చి, ఒప్పుకున్న పాఠాన్ని శుభ్రంగా కాగితం మీదికి ఎక్కించారు. కడప బంగళాలో ఈ పని ఏళ్ల తరబడి సాగింది. జీతాలు ఆయన సొంత డబ్బే, చాలకపోతే అప్పు. 1829లో 693 వేమన పద్యాలు అచ్చయ్యాయి. పదేళ్ల తర్వాతి కూర్పులో అవి 1164 అయ్యాయి.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి వద్దాం. విండోస్ అయినా, ఆండ్రాయిడ్ అయినా, లినక్స్ అయినా ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఆఫీసులో పెద్ద గుమాస్తా లాంటిది. కీబోర్డు, స్క్రీను, ప్రింటరు, మెమరీ అన్నిటికీ పని పంచేది అదే. ప్రతి ఫైలు పేరు, అది ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎంత సైజు, చివరగా ఎప్పుడు మార్చారు, డిస్కులో ఎక్కడ దాచింది, అన్నీ ఒక పట్టికలో రాసుకుంటుంది. ఏది సరైన ప్రతో మాత్రం దానికి తెలియదు. చివరగా సేవ్ చేసిందే సరైనదని చాలామంది అనుకుంటారు. తాటాకుల్లో అయితే కొత్తగా రాసిన ప్రతిలోనే తప్పులు ఎక్కువ ఉండవచ్చు! పేరు మనం పెట్టాల్సిందే. సంవత్సరం, నెల ముందు రాసి, తర్వాత పిల్లవాడి పేరు, ఆ కాగితం ఏమిటో రాస్తే పేర్ల వరుసలోనే తేదీల వరుస కూడా వచ్చేస్తుంది.

1830ల నడుమ బ్రౌన్ కొన్నేళ్లు లండన్‌లో ఉన్నారు. అక్కడ కంపెనీ వారి లైబ్రరీలో దక్షిణాది రాతప్రతులు గుట్టలుగా పడి ఉన్నాయి. పోయినవి కావు, పట్టించుకునేవారు లేనివి. పట్టుబట్టి వాటిని మద్రాసుకు పంపించారు.

డిలీట్ అయిన ఫైలు సంగతీ కొంచెం ఇలాగే ఉంటుంది. కంప్యూటర్‌లో అది ముందు రీసైకిల్ బిన్‌కి వెళుతుంది. బిన్ ఖాళీ చేసినా చాలాసార్లు పట్టికలో పేరు మాత్రమే పోతుంది, దాని మీద ఇంకోటి రాసేదాకా లోపలి సరుకు ఉండిపోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో తీసేసింది సాధారణంగా బిన్‌కి కూడా వెళ్లదు. అందుకని పొరపాటున ఫొటోలు పోతే ఆ కార్డులో కొత్తవి తీయకుండా వెంటనే తెలిసినవారికి చూపించండి.

తన సేకరణను బ్రౌన్ ఇంట్లో దాచుకోలేదు, మద్రాసులోని గ్రంథాలయానికి ఇచ్చేశారు. 1977 నవంబరు ఉప్పెన చూసిన పెద్దలు మన రేపల్లె, బాపట్ల ఇళ్లలో ఇంకా ఉన్నారు. రెండు కాపీలూ ఒకే బీరువాలో ఉంటే ఏమవుతుందో వారికి వేరే చెప్పక్కర్లేదు. పిల్లల మార్కుల మెమోలు, ఆధార్, కుల ధ్రువీకరణ కంప్యూటర్‌లో ఒకటి, ఊరు దాటి ఇంకొకటి, అంటే గూగుల్ డ్రైవ్‌లోనో హైదరాబాద్‌లో ఉన్న మేనమామ దగ్గరో ఉంచండి.

1852లో ఆయన తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు వచ్చింది. 1855లో ఉద్యోగం వదిలి ఇంగ్లండు వెళ్లిపోయారు. తర్వాత లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పారు. పెళ్లి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. సెలవుల్లో అటు వెళితే పిల్లలకు చూపించండి.