టాటా కళ్ళారా చూడని విద్యాలయం

హిందూపురం ప్రాంతం నుండి రైలులో బెంగుళూరు వెళ్ళేవారికి యశ్వంతపురం తెలిసిన స్టేషనే. దానికి సమీపాననే చెట్ల నడుమ భారతీయ విజ్ఞాన సంస్థ ఉన్నది. 1909లో ఏర్పడిన ఈ సంస్థ 2009లో నూరేళ్ళు పూర్తి చేసుకున్నది. పేరులో ఎక్కడా టాటా లేకపోయినా ఆ నగరవాసులు దానిని టాటా ఇన్‌స్టిట్యూట్ అనే పిలుస్తూ వచ్చారు. ఆ పేరుగల జంషెడ్జీ టాటా మాత్రం సంస్థకు పునాది పడడం కూడా చూడలేదు.

ఆయన 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవసారిలో పార్శీ పురోహితుల వంశంలో జన్మించారు. బొంబాయిలో చదువు ముగించి తండ్రి వ్యాపారంలో చేరారు. పత్తి పండే సీమలోనే మిల్లు ఉంటే లాభమని గ్రహించి, 1877లో నాగపూరులో ఎంప్రెస్ మిల్లు తెరిచారు.

దేశంలో ఉక్కు తయారు కావాలన్నా, నీటి నుండి విద్యుత్తు తీయాలన్నా ఆ విద్య నేర్చినవారు ఇక్కడే ఉండాలని ఆయన తలచారు. 1893లో జపాను నుండి కెనడాకు ఓడలో వెళ్తూ స్వామి వివేకానందతో కలిసి ప్రయాణించారు. 1898లో ఆయనకు లేఖ వ్రాసి ఈ పనికి తోడ్పాటు కోరారు. బొంబాయిలోని 14 భవనాలను, 4 స్థలాలను సంస్థకు ఇవ్వజూపారు. వాటి విలువ ఆనాడే సుమారు 30 లక్షల రూపాయలు.

1898 డిసెంబరు 31న ఈ ప్రతిపాదన వైస్రాయి కాబోతున్న కర్జన్ ముందుకు వెళ్ళింది. ఇంత పెద్ద చదువుకు విద్యార్థులు వస్తారా, వచ్చినా ఉద్యోగాలు దొరుకుతాయా అని ఆయన సందేహించారు. ఇంగ్లండు నుండి వచ్చిన శాస్త్రజ్ఞుడు రామ్సే బెంగుళూరు అనువైన చోటని చెప్పారు. అయినా కాగితాలు ఏళ్ళ తరబడి నడిచాయి. ఈలోగా 1904 మే 19న టాటా జర్మనీలో కన్నుమూశారు. సంస్థకు తన పేరు పెట్టడం ఆయనకు ఇష్టం లేదు.

తండ్రి మాటను కుమారులు దొరాబ్జీ, రతన్‌జీ నిలబెట్టారు. మైసూరు సంస్థానం 371 ఎకరాల భూమి ఇచ్చింది. 1909 మే 27న ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. 1911 జులైలో తొలి విద్యార్థులు చేరారు. 1933లో సి.వి. రామన్ ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరు అయ్యారు. 1958లో దానికి విశ్వవిద్యాలయ హోదా లభించింది. విద్యార్థులు వస్తారా అని కర్జన్ సందేహించిన ఆ చోట సీటు కోసం నేడు దేశం నలుమూలల నుండి యువకులు, యువతులు పోటీ పడుతున్నారు.