మూలన రెండక్షరాలు

రతన్‌పూర్ మహామాయ గుడి దగ్గర దేవుళ్ల పటాలు కొనేవాళ్లు రాముడా, దుర్గమ్మా అని చూస్తారు గాని, ఎవరు గీశారని అడగరు. బొమ్మ లక్షల ఇళ్లకు చేరినా తాను మాత్రం చాటునే ఉండిపోయిన ఒక తెలుగు చిత్రకారుడి గురించి ఈసారి చెప్పుకుందాం.

ఆయన వడ్డాది పాపయ్య. 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో పుట్టారు. తండ్రి రామమూర్తి గారు డ్రాయింగు మాస్టారు. ఇంట్లో రవివర్మ కోదండరాముడి పటం ఉండేది. చిన్ననాడే దాన్ని చూసి గీయడం మొదలుపెట్టారు. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి దేవుళ్లను ఇంటింటికీ చేర్చాడు, తన పేరునూ చేర్చాడు. పాపయ్య గారి దారి వేరు.

1947 జులైలో తెలుగు, తమిళాల్లో మొదలైన చందమామ తరవాత చాలా భాషల్లోకి వెళ్లింది. దశాబ్దాలపాటు దాని ముఖచిత్రాలు ఆయనవే. కండలు తిరిగిన భీముడు, నగల బరువుతో మెరిసే రాజులు, ఎక్కడా చూడని రంగుల ఆకాశం! కథ చదవడం రానివాళ్లు కూడా అట్ట చూసి కథ చెప్పుకునేవారు. భాష ఏదైనా అట్టమీద బొమ్మ ఒక్కటే. రైల్వే కాలనీలో పక్కపక్క ఇళ్లకు తెలుగు చందమామ ఒకటి, హిందీది ఒకటి వచ్చినా, పిల్లలిద్దరూ ఆ నెల చూసేది ఒకే హనుమంతుణ్ణి. కొత్త ఊళ్లో మనల్ని ఎరిగినవాళ్లు ఉండరు. బదిలీల మీద తిరిగే మాకూ మీకూ అది అలవాటే. ఆయన బొమ్మ మాత్రం మనకన్నా ముందే అక్కడికి చేరి ఉండేది.

ఇంచుమించు ఆ కాలంలోనే, 1962లో, అమెరికాలో ఆండీ వార్హోల్ చనిపోయిన సినిమా తార మార్లిన్ మన్రో ముఖాన్ని ఒకే చిత్రంలో యాభైసార్లు అచ్చువేశాడు. అన్నిసార్లు చూశాక మిగిలేది మనిషా, ముద్రా అన్నది అందులోని ప్రశ్న. ఆ తార ముఖం ఎంత ప్రసిద్ధమో, చిత్రకారుడి ముఖమూ అంత ప్రసిద్ధమైంది.

పాపయ్య గారి బొమ్మా లెక్కలేనన్నిసార్లు అచ్చయింది. ముఖం మాత్రం పాఠకులకు తెలియదు. విశాఖ దగ్గర కశింకోటలో ఉండేవారు, అక్కడే పిల్లలకు డ్రాయింగు నేర్పారు. సభలకూ సన్మానాలకూ దూరం. యువ పత్రికకు వేసిన ఋతువులు, రాగాలు, తెలుగు ఆడపడుచుల బొమ్మలను పెద్దలు కత్తిరించి దాచుకున్నారు. మాకైతే చందమామ అట్టలకన్నా అవే మిన్న, మీరు ఒప్పుకోకపోవచ్చు.

1992 డిసెంబరు 30న ఆయన కన్నుమూశారు. తాతయ్యల ఇంటికి వెళ్లినప్పుడు అటక మీద పాత చందమామ దొరికితే, ఏ భాషదైనా సరే, అట్ట మూలన వెతకండి. తెలుగులో చిన్నగా రెండే అక్షరాలు: వపా.