సైనికుని ఇంటి దీపం – ఫ్లారెన్సు నైటింగేల్

బడిపిల్లల వాచకాలలో ఫ్లారెన్సు నైటింగేల్ ఎల్లప్పుడూ చేతిలో దీపంతోనే కనిపిస్తుంది. అర్ధరాత్రి వేళ, బారులు తీరిన రోగుల నడుమ, నిశ్శబ్దంగా సాగిపోయే ఆ మూర్తి లోకానికంతటికీ పరిచితమైనది. ఆ చిత్రంలో అసత్యమేమీ లేదు. అయితే దాని ప్రక్కన నిలుపదగిన మరొక చిత్రం కలదు. చిత్రకారులు దానిని అంతగా పట్టించుకొనలేదు. స్కుటారి సైనిక వైద్యశాలలో ఆమె గది. వారానికొక మధ్యాహ్నం అక్కడికి సిపాయిలు వచ్చేవారు. తమ జీతంలో మిగిలిన నాణేలను ఆమె చేతికిచ్చి, స్వదేశంలో ఉన్న తల్లికో భార్యకో పంపుమని కోరేవారు. గాయానికి కట్టు కట్టించడంలో ఎంత శ్రద్ధ చూపేదో, ఆ లెక్కలు వ్రాయడంలోనూ ఆమె అంత శ్రద్ధ చూపింది. సైనికుని వెనుక ఒక ఇల్లు ఉన్నదనీ, అతడు పడిపోయిన నాడు ఆ ఇంట పొయ్యి రాజదనీ ఆనాటి అధికారులలో ఆలోచించినవారు బహు కొద్దిమంది.

ఆమె 1820 మే 12వ తేదీన ఇటలీ దేశంలోని ఫ్లారెన్సు నగరంలో జన్మించింది. ఆ ఊరి పేరే బిడ్డకు పెట్టారు. తండ్రి విలియం ఎడ్వర్డు నైటింగేల్ సంపన్న గృహస్థు. డెర్బీషైర్‌లో ఒక భవనం, హాంప్‌షైర్‌లో మరొక భవనం ఆయనకు ఉండేవి. కుమార్తెలిద్దరికీ గ్రీకు, లాటిను భాషలు, చరిత్ర, తత్త్వశాస్త్రం ఆయనే స్వయంగా బోధించాడు. ఫ్లారెన్సుకు గణితమంటే ప్రాణం. కలవారి ఇంటి ఆడపిల్ల విందులకు పోవడం, మంచి సంబంధం చేసుకొనడం – ఇంతకు మించి ఆ సమాజం కోరేది కాదు. 1837లో, పదహారేండ్ల ప్రాయంలో, భగవంతుడు తనను సేవకు పిలిచినాడని ఆమెకు తోచింది. రోగులకు పరిచర్య చేస్తానన్నప్పుడు తల్లీ, అక్కా ససేమిరా అన్నారు. ఆ రోజులలో ఆసుపత్రి పరిచారికలకు మంచి పేరు లేదు. త్రాగుబోతులనీ, గతిలేక ఆ పనికి వచ్చినవారనీ చులకన. ఇంటిలో ఈ పెనుగులాట ఏండ్ల తరబడి సాగింది. చివరకు 1851లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో కొన్ని నెలలు శిక్షణ పొంది, 1853లో లండన్ నగరంలోని హార్లీ వీధిలో ఒక చిన్న వైద్యశాలకు పర్యవేక్షకురాలైంది. తండ్రి మెత్తబడి ఏటా 500 పౌండ్లు ఆమె ఖర్చుకు ఏర్పాటు చేశాడు.

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాలు టర్కీ పక్షాన రష్యాతో యుద్ధానికి దిగాయి. క్రిమియా ద్వీపకల్పంలో గాయపడినవారిని నల్లసముద్రం మీదుగా ఓడలలో స్కుటారికి చేర్చేవారు. నేటి ఇస్తాంబుల్ నగరంలోని ఉస్కుదారే ఆనాటి స్కుటారి. అక్కడ కట్టుగుడ్డలు లేవు, మంచాలు లేవు, చూచే దిక్కు లేదు. ఈ దుఃస్థితిని టైమ్సు పత్రిక బయటపెట్టగా ఇంగ్లండు అట్టుడికిపోయింది. యుద్ధశాఖలో ఉన్న సిడ్నీ హెర్బర్టు ఆమెకు చిరకాల మిత్రుడు. ఆయన కోరికపై ఆమె 38 మంది పరిచారికలతో అక్టోబరు 21వ తేదీన బయలుదేరి నవంబరు 4వ తేదీన స్కుటారి చేరింది. అప్పటికి పది రోజుల క్రితమే, అక్టోబరు 25వ తేదీన, బలక్లావా వద్ద లైట్ బ్రిగేడ్ అనే అశ్వికదళం, ఎవరి పొరపాటువల్లనో అందిన ఆజ్ఞను శిరసావహించి, దాదాపు 670 మందితో రష్యా ఫిరంగుల నోటికి ఎదురుగా దూసుకుపోయింది. ఆ యుద్ధంలో గాయపడినవారు ఆమెకు లభించిన మొదటి రోగులలో ఉన్నారు. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది. ముప్పైఆరేండ్ల తరువాత ఆ దళం పేరే మరల ఆమె జీవితంలోకి వచ్చింది.

వైద్యశాలలో ఆమె చేసిన పరిచర్యను గురించి అందరూ ఎరుగుదురు. సిపాయి జేబును గురించి ఆమె పట్టించుకొన్న తీరు అంతగా ప్రచారంలో లేదు. ఆనాటి బ్రిటిషు సిపాయి దినసరి జీతం ఒక షిల్లింగు, అనగా 12 పెన్నీలు. ఆసుపత్రిలో పడిన సిపాయి తిండిఖర్చు క్రింద ఆ జీతంలో కోత విధించేవారు. గాయపడినవానికి నాలుగున్నర పెన్నీలు, జబ్బుపడినవానికి 9 పెన్నీలు. ఒకే కందకంలో ఒకే రాణికోసం నిలిచిన ఇద్దరిలో ఒకనికి గుండు తగిలింది, రెండవవానికి విరేచనాల వ్యాధి తగిలింది. రెండవవాని భార్యాబిడ్డలు చేసిన నేరమేమి? 1854 చివర విక్టోరియా రాణి సైనికుల కొరకు ఏమి చేయవచ్చునని అడిగించినప్పుడు, ఆమె ఈ కోతను సమానం చేయవలసిందని కోరింది. కొద్ది వారాలలోనే ఆ కోరిక నెరవేరింది. బహుమానాలు, దుప్పట్లు అడుగక ఈ న్యాయాన్ని అడగడంలోనే ఆమె బుద్ధి సూక్ష్మత తెలుస్తుంది.

ప్రభుత్వ గిడ్డంగిలో చొక్కా ఉన్నా, సంతకాలు పూర్తికానిదే అది రోగి ఒంటిపైకి వచ్చేది కాదు. అంతదాకా రోగి బ్రతికి ఉండాలి గదా! టైమ్సు పత్రిక పాఠకులు చందాలు వేసుకొని పంపిన నిధి స్కుటారిలో సిద్ధంగా ఉన్నది. ఆ సొమ్ముతోనూ, తన స్వంత డబ్బుతోనూ ఆమె బజారులో వస్తువులు కొనిపించి ఆనాటి అవసరం ఆనాడే తీర్చింది. దీనిని అధికారులు కొందరు సహించలేకపోయారు. తమ గిడ్డంగులలో లోటు లేదని వారు పైకి వ్రాసి ఉన్నారు. ఆమె కొన్న ప్రతి చొక్కా వారి వ్రాతను అబద్ధం చేసింది.

సైన్యంతోపాటు సిపాయిల భార్యలు కొందరు ప్రయాణమై వచ్చారు. భర్తలు యుద్ధరంగానికి పోగా, వారిని స్కుటారిలో భవనం అడుగున ఉన్న చీకటి గదులలో వదిలివేశారు. వెలుతురు లేదు, జీతం లేదు, పసిబిడ్డలు ఆ తేమ నేలమీదనే పుట్టారు. కొందరు విధవలైనారు. వారిని చూచుకొనే భారాన్ని లేడీ అలీషియా బ్లాక్‌వుడ్ అనే ఆమె స్వీకరించగా, నైటింగేల్ మరొక ఉపాయం చేసింది. వైద్యశాలలో బట్టలు ఉతికే ఏర్పాటు సరిగా లేదు. ఆమె ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, నీళ్ళు కాచే కాగులు పెట్టించి, ఈ స్త్రీలను కూలి ఇచ్చి పనిలో పెట్టింది. రోగికి శుభ్రమైన పక్కబట్ట వచ్చింది, స్త్రీలకు జీవనం వచ్చింది.

ఇక ఆ డబ్బు పంపే ఏర్పాటు. సిపాయి తన జీతమంతా త్రాగి తగలేస్తాడని అధికారుల నమ్మకం. త్రాగేవాడన్న మాట నిజమే. ఎందుకు త్రాగుతున్నాడని అడిగినది ఆమె. సైన్యంలో జీతాలు పంచే అధికారి ద్వారా డబ్బు ఇంటికి పంపే మార్గం పేరుకు ఉన్నా సిపాయిలు దానిని నమ్మలేదు. చేతిలో డబ్బున్నది, ఇల్లు మూడువేల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నది, ఎదుట సారాకొట్టు ఉన్నది. ఇంతకంటే వేరే ఏమి జరుగుతుంది? ఆమె డబ్బు పుచ్చుకొని ఇంగ్లండులోని తన బంధువు శామ్యూల్ స్మిత్ పేర పంపేది. ఆయన అక్కడ పోస్టాఫీసులో మనియార్డరులు తీసి ఆయా కుటుంబాలకు అందజేసేవాడు. నెలకు దాదాపు వెయ్యి పౌండ్లు ఈ విధంగా ఇండ్లకు చేరాయి. 1855లో ఆమె లేఖ రాణి ద్వారా మంత్రుల దాకా పోయింది. యుద్ధమంత్రి పాన్‌మ్యూర్ ప్రభువుకు మాత్రం నమ్మకం కుదరలేదు. సిపాయికి ఇంటికి డబ్బు పంపే స్వభావమే లేదని ఆయన తలంపు. అయినా 1856 జనవరిలో ప్రభుత్వం కాన్‌స్టాంటినోపుల్, స్కుటారి, బలక్లావా, సైన్య ముఖ్యస్థానం – ఈ నాలుగుచోట్ల మనియార్డరు కార్యాలయాలు తెరిచింది. ఆరునెలలలో 71 వేల పౌండ్లు ఇంగ్లండుకు పోయాయి. అది ఎవరి దానమూ కాదు. సిపాయిల సొంత చెమట సొమ్ము. మంత్రిగారికి దీనికంటే మంచి సమాధానం వేరే అక్కరలేదు. ఇదే కాలంలో ఆమె చదువుకొనే గదులు ఏర్పరచి, సారాకొట్టుకు బదులుగా ఇంకర్మన్ పేర ఒక కాఫీ దుకాణం తెరిపించింది.

చనిపోయినవారి ఇండ్లకు ఆమె ఉత్తరాలు వ్రాసేది. కొడుకు చివరి గడియలు ఎట్లా గడిచాయో, ఏమి కోరాడో, అతని వద్ద మిగిలిన సొమ్మెంతో అందులో ఉండేది. పగలంతా పనిచేసి రాత్రి కూర్చుండి వ్రాసిన ఉత్తరాలవి.

అయితే ఆమె వచ్చిన తొలి శీతకాలంలో వైద్యశాలలో మరణాలు తగ్గలేదు, పెరిగాయి. భవనం క్రింద మురుగు నిలిచి ఉన్నది. 1855 మార్చిలో వచ్చిన ఆరోగ్య సంఘంవారు ఆ మురుగును తొలగించిన తరువాతనే మరణాలు దిగిపోయాయి. యుద్ధానంతరం అంకెలను పరిశీలించినప్పుడు ఆమె ఈ సత్యాన్ని పూర్తిగా గ్రహించింది. దానిని దాచక పటాలు గీసి మరీ ప్రకటించింది.

1855 మేలో బలక్లావా వద్ద ఆమెకు విషజ్వరం వచ్చి ప్రాణాపాయమైంది. కోలుకొన్నా పూర్వపు ఆరోగ్యం తిరిగి రాలేదు. 1856 ఆగస్టులో, స్వాగత సన్నాహాలన్నిటినీ తప్పించుకొని, చాటుగా ఇల్లు చేరింది. యుద్ధం నుండి ఆమె ఇంటికి పంపిన కానుకలు చిత్రమైనవి: ఒక కాలు పోగొట్టుకొన్న విలియం అనే నావికా బాలుడు, పీటర్ అనే రష్యా అనాథ, సిపాయిలు ఇచ్చిన ఒక కుక్కపిల్ల. పతకాలు తెచ్చుకొన్నవారు చాలామంది ఉన్నారు. కాలు లేని కుర్రవాణ్ణి తన వెంట తెచ్చుకొన్నవారు ఎందరు?

ఆ యుద్ధకాలంలో ఇంగ్లండులో నిధులకు కొదవ లేదు. 1854లో ఏర్పడిన పేట్రియాటిక్ ఫండుకు ప్రజలు పధ్నాలుగు లక్షల పౌండ్లకు మించి ఇచ్చారు. కాని అది మరణించిన సైనికుల విధవలకు, అనాథలకు ఉద్దేశింపబడినది. కాలో చేయో పోయి ప్రాణంతో తిరిగివచ్చినవాడు దాని లెక్కలోకి రాలేదు. నైటింగేల్ పేర కూడ 1855లో ఒక నిధి ఆరంభమై దాదాపు 45 వేల పౌండ్లు సమకూరింది. అందులో 9 వేల పౌండ్ల దాకా సైనికులు ఇచ్చినదే. చాలామంది ఒకనాటి జీతం వేసుకొన్నారు. ఆమె అందులో తనకై ఒక్క పెన్నీ ముట్టక, 1860లో లండన్‌లోని సెంట్ థామస్ వైద్యశాలలో పరిచారికల శిక్షణాలయం స్థాపింపజేసింది.

ఆ తరువాతి జీవితం చాలవరకు శయ్యమీదనే గడిచింది. సైన్యారోగ్యాన్ని గురించి రాజనియమిత సంఘం ఏర్పడేటట్లు చేసింది. దాని అంకెలు సమకూర్చింది. మంత్రులను తన గదికి రప్పించుకొని పని చేయించింది. భారతదేశాన్ని చూడకపోయినా ఇక్కడి సైనిక నివాసాల మురుగు మొదలు రైతుల కరవు దాకా అన్నిటినీ గురించి వ్రాసింది. గోదావరి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ నీటిపారుదల వాదాన్ని గట్టిగా బలపరచిన ఇంగ్లీషువారిలో ఆమె ఒకతె. ధవళేశ్వరం పిల్లలు ఈ బంధుత్వాన్ని ఎరిగి ఉండడం మంచిది.

ఇక 1890. లైట్ బ్రిగేడ్ సాహసం అప్పటికి ఇంగ్లండులో ప్రతి బడిలోనూ వల్లించే పద్యమైపోయింది. టెన్నిసన్ మహాకవి ఆ పద్యంతో ఆ దళాన్ని అమరం చేశాడు. కాని ఆ దళంలో మిగిలినవారు అమరులు కారు, ముసలివారు. చాలాకాలం కొలువు చేసినవానికి, బొత్తిగా పనికిరాని అంగవైకల్యం కలిగినవానికి పింఛను ఉన్నది గాని, నడుమ వదిలినవానికి దక్కినది అత్యల్పం, లేదా ఏమీ లేదు. కొందరు బీదల శ్రమశాలలలో తలదాచుకొన్నారు. వారికి ఏమైనా చేయగలరా అని అడిగితే యుద్ధమంత్రి చేతులెత్తేశాడు. అప్పుడు సెంట్ జేమ్సెస్ గజెట్ అనే పత్రిక లైట్ బ్రిగేడ్ సహాయ నిధిని ప్రారంభించింది. యువకుడైన కిప్లింగ్, దేశం వీరులను పొగడుతూనే ఆకలికి వదిలినదని ఎత్తిపొడుస్తూ ఒక పద్యం వ్రాశాడు.

ఆ నిధి కొరకు ఎడిసన్ కనిపెట్టిన ఫొనోగ్రాఫును ఉపయోగించారు. మైనపు గొట్టం మీద మనిషి మాటను ఎక్కించి, దానిని సభలలో వినిపించి చందా పోగుచేయాలని ఆలోచన. టెన్నిసన్ తన పద్యం చదివాడు. ఆ యుద్ధంలో పాల్గొన్న లాన్‌ఫ్రీడ్ అనే అశ్వికుడు బూరా ఊది దాడి సంజ్ఞను వినిపించాడు. 1890 జూలై 30వ తేదీన ఆ యంత్రాన్ని లండన్ సౌత్ వీధిలోని నైటింగేల్ ఇంటికి తెచ్చారు. అప్పటికామెకు డెబ్బదేండ్లు. ఛాయాచిత్రాలు తీయించుకొనడమన్నా, పత్రికలలో పేరు రావడమన్నా గిట్టని మనిషి. తన శిలావిగ్రహాల ప్రస్తావన వస్తే విసుగుకొనే మనిషి. ఆ వృద్ధ సైనికుల కొరకు యంత్రం ముందు కూర్చుండి, తన బలక్లావా సహచరులకు శుభం కోరుతూ నాలుగు మాటలు పలికి, తన పేరు చెప్పింది. అర నిమిషం కూడ ఉండదేమో. తాను పోయిన తరువాత తన గొంతు మిగులుతుందన్న ఆలోచన ఆమెకు కలిగించిన తృప్తి కంటే, ముసలి సిపాయి పొయ్యిలో బొగ్గు పడుతుందన్న ఆశే ఎక్కువై ఉంటుంది. ఆ ధ్వని నేటికీ నిలిచి ఉన్నది. బొంగురుగా, గరగరల నడుమ, దూరం నుండి వచ్చినట్లు వినిపిస్తుంది.

తరువాత చూపు మందగించింది, జ్ఞాపకం తప్పింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదం, స్త్రీలలో మొట్టమొదటగా, ఆమెకే లభించినా దానిని పూర్తిగా గ్రహించే స్థితిలో ఆమె లేదు. 1910 ఆగస్టు 13వ తేదీన తొంబదవ యేట కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేస్తామని ప్రభుత్వం చెప్పగా, ఆమె కోరిక ప్రకారం బంధువులు అంగీకరించక, హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెలో గ్రామంలో తల్లిదండ్రుల సరసనే ఖననం చేశారు. రాతిమీద ఆమెకై చెక్కినది పేరులోని తొలి అక్షరాలు రెండూ, పుట్టిన గిట్టిన కాలాలూ మాత్రమే. శవపేటికను మోసినవారు బ్రిటిషు సైన్యం నుండి వచ్చిన ఆరుగురు సార్జెంట్లు.