క్రీడాసేనాని సి.కె.నాయుడు

భారతదేశపు తొలి టెస్టు క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపూరులో జన్మించాడు. ఆంధ్రదేశం నుండి తరలివెళ్ళి ఆ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. లోకం ఆయనను సి.కె.నాయుడుగా ఎరుగును. మంచి ఎత్తరి, నిటారైన విగ్రహం, మితభాషి. 1916లో హిందువుల జట్టు పక్షాన తొలిసారి పెద్ద పోటీలలో అడుగుపెట్టాడు.

1926 డిసెంబరులో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన వచ్చిన ఇంగ్లండు జట్టుతో బొంబాయిలో జరిగిన ఆట ఆయన కీర్తిని దేశమంతటా వ్యాపింపజేసింది. రెండు గంటలైనా గడవకముందే 153 పరుగులు చేశాడు. వాటిలో పదకొండు సిక్సర్లు! పాలకుల ఆటలో పాలితులు వారికి దీటుగా నిలువగలరన్న విశ్వాసం ఆనాడు ప్రేక్షకులకు కలిగింది.

1932లో భారత జట్టు ఇంగ్లండుకు బయలుదేరినప్పుడు నాయకుడు పోరుబందరు మహారాజు. ఆనాటి ఆచారం అది. జట్టుకు ముందు నడవవలసినవాడు రాజవంశీయుడే కావాలి. అయితే ఆ మహారాజు తన ఆటలోని పరిమితిని గుర్తించి తప్పుకొన్నాడు. ఆ వివేకానికి ఆయనను మెచ్చుకోవాలి. జూన్ 25న లార్డ్స్ మైదానంలో రాజవంశీయుడు కాని నాయుడు జట్టును నడిపించాడు. క్యాచ్ పట్టబోయి చేతికి గాయమైనా, తొలి ఇన్నింగ్స్‌లో జట్టు మొత్తానికీ అత్యధికంగా 40 పరుగులు సాధించాడు. భారత్ 158 పరుగుల తేడాతో ఓడింది. కానీ ఆ వేసవిలో ఆయన ఆటకు గుర్తింపుగా 1933లో విజ్డెన్ వార్షిక గ్రంథం ఎన్నుకొన్న అయిదుగురు క్రీడాకారులలో ఆయన పేరు చేరింది.

1936లో మళ్ళీ ఇంగ్లండు యాత్ర వచ్చింది. ఈసారి నాయకత్వం విజయనగరం మహారాజకుమార్‌కు దక్కింది. ఇద్దరూ తెలుగువారే, ఒకరికి వంశం, మరొకరికి ఆట. నాయుడు మరొకరి కింద ఆడవలసి వచ్చింది. ఓవల్ మైదానంలో తగిలిన దెబ్బను ఓర్చుకొని తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో 81 పరుగులు చేశాడు. టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు అదే.

అయితే నాయుడు అసలైన కార్యక్షేత్రం ఇండోర్. 1923లోనే హోల్కర్ సంస్థానాధీశుడు ఆయనను పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ పదవి ఇచ్చాడు. ఆ రోజులలో ఆటగాడికి ఆటే జీవనోపాధి కావాలంటే సంస్థానపు కొలువే గతి. ముస్తాక్ అలీ, సర్వతే, జగ్దాలే, నింబాల్కర్, తమ్ముడు సి.ఎస్.నాయుడు మొదలైనవారితో అక్కడ ఒక మహత్తర జట్టు రూపొందింది. నాయుడు క్రమశిక్షణ కఠినమైనది. అలసటను, గాయాన్ని సాకుగా చూపితే సహించేవాడు కాదు. కొందరికి అది కష్టంగా తోచిన మాట నిజమే. కానీ తనకు మినహాయింపు ఇచ్చుకోని నాయకుణ్ణి నిందించడం ఎవరికైనా కష్టమే.

1944-45 రంజీ ట్రోఫీ తుది పోరులో హోల్కర్ జట్టు బొంబాయిని ఎదుర్కొంది. సి.ఎస్.నాయుడు ఆ మ్యాచ్‌లో 917 బంతులు వేశాడు. యుద్ధకాలంలో సైనికోద్యోగిగా భారతదేశంలో ఉన్న ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ హోల్కర్ పక్షాన 249 పరుగులతో అజేయంగా నిలిచాడు. అయినా గెలుపుకు 867 పరుగులు కావలసి ఉండగా హోల్కర్ 492 వద్ద ఆగిపోయింది.

ఇంతటి పరాజయం తరువాత ఏ జట్టయినా చెదరిపోవచ్చు. పైగా నాయకుడికి యాభయ్యేళ్ళు నిండుతున్నాయి. కానీ మరుసటి సంవత్సరం మైసూరుతో జరిగిన ఆటలో హోల్కర్ ఎనిమిది వికెట్లకు 912 పరుగులు చేసి ఇన్నింగ్స్ ముగించింది. ఒకే ఇన్నింగ్స్‌లో ఆరుగురు శతకాలు సాధించారు. అంతకుముందెన్నడూ అలా జరగలేదు. ఆ ఆరుగురిలో నాయుడు ఒకడు. ఆయనవి 101.

తుది పోరు బరోడాతో, స్వస్థలమైన ఇండోర్‌లోనే. విజయ్ హజారే వంటి మేటి ఆటగాడు ప్రత్యర్థి పక్షాన ఉన్నాడు. హోల్కర్ రెండు ఇన్నింగ్స్‌లలో 342, 273 పరుగులు చేయగా బరోడా 198, 361 పరుగులు చేసింది. తేడా కేవలం 56. ఆ మ్యాచ్‌లో నాయుడు సాధించినవి 200! ఆయన జీవితంలో అత్యధిక స్కోరు యాభయ్యో ఏట వచ్చిందన్నమాట. హోల్కర్ జట్టు తొలిసారి రంజీ ట్రోఫీని గెలుచుకొంది. ఆ పేరుతో ఆడిన 14 సంవత్సరాలలో పదిసార్లు తుది పోరుకు చేరి, నాలుగుసార్లు గెలిచింది.

1953 అక్టోబరు 1న మన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం అవతరించింది. ఆ ఏడే ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో ప్రవేశించింది. దాని తొలి నాయకుడు నాయుడే. మరాఠీ, హిందీ సీమలలో బతుకు వెళ్ళదీసిన ఆ తెలుగుబిడ్డ, 58వ ఏట తనవారి జట్టుకు నడక నేర్పడానికి వచ్చాడు. ఆదోని, కౌతాళం బీళ్ళలో కట్టెబ్యాటు పట్టి పరుగులు తీసే కుర్రవాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసునో!

1956లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. అప్పటికీ ఆయన బ్యాటు దించలేదు. 1956-57లో ఉత్తరప్రదేశ్ పక్షాన రంజీ పోటీలలో ఆడాడు. 1963-64లో, 68 ఏళ్ళ వయస్సులో, చివరిసారిగా ఫస్ట్‌క్లాస్ మైదానంలో దిగాడు. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశాడు.