బల్లమీది నౌకాయుద్ధము

చతురంగబలములన రథ గజ తురగ పదాతులే గాని వానిలో నౌక లేదు. మన చదరంగమును ఆ లెక్కననే నేలమీది యుద్ధమయ్యెను. ఉక్కునౌకల పోరాటమును బల్లమీదికి దెచ్చి, వినోదమును విద్యగా మార్చినవారిలో ప్రసిద్ధుడు ఆంగ్లేయుడగు ఫ్రెడ్ టి. జేన్.

ఈయన 1865 ఆగస్టు 6వ తేదీన లండను సమీపమున రిచ్మండులో ఒక క్రైస్తవ మతాచార్యుని యింట జన్మించి, ఎక్సెటరు పాఠశాలలో చదివెను. నౌకాసైన్యమున ఏ పదవియు నెఱుగడు. చిత్రములు గీసియు పత్రికలకు వ్రాసియు జీవనము గడపెను. అయినను యుద్ధనౌకలయెడ ఆసక్తి యావజ్జీవము విడువలేదు. దేశదేశముల నౌకల ఆకారమును, కవచపు మందమును, ఫిరంగుల శక్తిని ఓపికతో సేకరించి 1898లో ప్రపంచ యుద్ధనౌకల సంపుటమును ప్రకటించెను. ఆ యేడే ఆయన నౌకాయుద్ధ క్రీడయు వెలువడెను.

ఆ క్రీడలో గుఱి తగులుటను పాచికలకు విడువలేదు. ప్రతి నౌకకును ఒక పటము కలదు. ఆటగాడు సూది బిగించిన చిన్న పట్టెతో శత్రునౌక చిత్రమును కొట్టవలెను. సూది పట్టెకు సరిగా నడుమ నుండదు గనుక, నేర్పరికైనను దెబ్బ కోరినచోటనే పడునను నిశ్చయము లేదు. పడినచోటును బట్టి నష్టము గణింపబడును. దళసరి కవచముపై చిన్నగుండు వ్యర్థమగును. ఫిరంగికి దెబ్బ తగిలినచో అది మూగవోవును. కావున గెలువగోరువానికి తన బలమేగాక పరుని బలాబలములును కంఠస్థములు కావలెను. నావికోద్యోగులే ఈ యాటను అభ్యసించిరి.

రష్యా నౌకాదళమునుగూర్చి 1899లోను, జపాను నౌకాదళమునుగూర్చి 1904లోను జేన్ గ్రంథములు వ్రాసెను. 1905 మే మాసమున సుషీమాయొద్ద ఆ రెండు దళములును తలపడగా జపాను జయించెను. ఆసియా యంతయు తలయెత్తి చూచెను. మఱుసటి యేడు ప్రకటించిన గ్రంథమున, సముద్రాధిపత్యమొక్కటే జయకారణము కాదనియు, గెలువదగిన యోగ్యత జాతికుండవలెననియు ఈయన వాదించెను. ఆ యేడే నౌకాదళపక్షమున పోర్ట్స్‌మత్ నుండి పార్లమెంటుకు పోటీచేసి ఓడిపోయెను. 1916 మార్చి 8వ తేదీన మరణించెను. జట్లండు మహాసంగ్రామము ఆ మే నెలాఖరున జరిగెను. ఆయన సంపుటములు మాత్రము నూఱేండ్లకు మించి వెలువడినవి.

ఈయన శ్రమ మనలను పరాధీనులుగా నుంచిన సామ్రాజ్యమునకే ఉపకరించినదనుట నిజము. బల్లమీది యాట భయమును, అలసటను, పొగమంచును కొలువజాలదనుటయు నిజమే. అయినను పరులయొద్ద విద్య గ్రహించుట అవమానము కాదు. అధికారము లేని యొక గృహస్థు తన జ్ఞానముచేత అధికారులకు పాఠము చెప్పగలిగెను. 1947లో మనకు స్వాతంత్ర్యము వచ్చెను. తూర్పు నౌకాదళపు ప్రధానస్థానము మన విశాఖపట్టణముననే యున్నది. నౌకలు కట్టుట ప్రభుత్వము పని. వానిని తెలిసికొనుట ప్రజల పని. ఆ రెండవ పనికి మనలో పూనుకొనువా రెందఱు?