వేటగాడైన ప్రభువు - మీర్ మహబూబ్ అలీఖాన్

మన కొత్తకోట 2016వ సంవత్సరమున క్రొత్తగా ఏర్పడిన వనపర్తి జిల్లాలో చేరినది. అంతకు పూర్వము చిరకాలము మహబూబునగరము జిల్లాలోనిదై యుండెను. పెద్దలు నేటికిని పాలమూరని పిలుచు ఆ పట్టణమునకు 1890వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన మహబూబునగరమని పేరు పెట్టిరి. ఆ పేరు హైదరాబాదు నేలిన ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుది. మహబూబనగా ప్రియమైనవాడని అర్థము. ఈ ప్రభువు గొప్ప వేటగాడని అందఱు నెఱుగుదురు. ఆ వేటగానిని ప్రజలు ప్రేమించుటకు గల కారణమును విద్యార్థులు తెలిసికొనుట మంచిది.

ఆయన 1866వ సంవత్సరము ఆగస్టు మాసమున జన్మించెను. తండ్రియగు అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో కాలధర్మము నొందెను. అప్పటికి బాలునకు రెండున్నర యేండ్లు మాత్రమే. ఆ పసివానిని గద్దె నెక్కించి, మొదటి సాలార్‌జంగును షంసుల్ ఉమరాయును ఆయన పక్షమున రాజ్యభారమును వహించిరి. బాలునకు అరబ్బీ, ఫారసీ, ఉర్దూ భాషలు నేర్ప పండితులును, ఇంగ్లీషు చెప్ప క్లార్కు అను దొరయు నియమితులైరి. చదువుతోపాటు గుఱ్ఱపుస్వారియు తుపాకి గుఱియు నేర్పిరి. ఈ రెండు విద్యలలోను బాలుడు గురువులను మించెనందురు. 1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగు కలరా సోకి ఆకస్మికముగా మరణించెను. మఱునాటి సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన రిప్పన్ ప్రభువు హైదరాబాదునకు వచ్చి యువకుడగు నిజామునకు సర్వాధికారముల నొసంగెను.

మహబూబ్ అలీఖాన్ ఉర్దూలో కవిత్వము చెప్పెడివాడు. ఢిల్లీకవియగు దాగ్ ఆయనకు కవితా గురువు. అయినను ఆయన మనస్సు మహలులకంటె అడవులకే యెక్కువ మరలుచుండెను. ఓరుగల్లు సీమయందు కాకతీయుల కాలమున త్రవ్వించిన పాకాల చెరువు చుట్టునుగల దట్టమైన అరణ్యము ఆయనకు ప్రియమైన వేటపట్టు. ఆయన ముప్పదికి పైగా పులులను గొట్టెనని జనులు చెప్పుకొనుచు తీస్ మార్ ఖానను బిరుదును గూడ ఆయనకే ముడిపెట్టిరి. పశువులను పొట్టబెట్టుకొను పులిని గూల్చిన ప్రభువును పల్లెవాసులు రక్షకునిగా నెంచుట సహజమేకదా!

పులివేటయే గాక, జింకవేటయు నాటి దర్బారునకు ముఖ్య వినోదముగా నుండెను. దక్కను మైదానములలో నల్లని వీపును మెలిదిరిగిన కొమ్ములునుగల ఇఱ్ఱులు మందలు మందలుగా దిరుగుచుండెను. వానిని పట్టుటకు నిజాము కొలువులో చీటాలను పెంచి శిక్షణ నిచ్చెడివారు. చీటా కన్నులకు గంతకట్టి ఎడ్లబండిమీద గూర్చుండబెట్టి మెల్లగా మంద దాపునకు దోలుకొని పోయెడివారు. పొలముబండ్లను నిత్యము చూచు జింకలు ఈ బండికి బెదరెడివి కావు. తగిన దూరమునకు జేరగానే గంత విప్పి చీటాను వదలెడివారు. అది బాణమువలె దూసికొనిపోయి రెప్పపాటులో జింకపై బడెడిది. కొన్ని వందల గజములలో జింక చిక్కనిచో చీటా అలసి పరుగును మానుకొనును. 1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండు నిజామునకు అతిథిగా వచ్చినప్పుడు ఆయనకు గూడ ఈ వేటను జూపిరి. ఆ యువరాజే 1914లో హత్యకు గురికాగా మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమాయెను.

చదునైన నేలమీద చీటా పరుగు పనికివచ్చును గాని, బండలును లోయలును గల కొండనేలలో మనుష్యుడే శ్రమపడవలెను. కణుజు దట్టమైన పొదలలో పగలెల్ల దాగి చీకటి పడినపుడు మేతకు వెడలును. దాని చెవులును ముక్కును మిక్కిలి చుఱుకైనవి. గాలి వేటగానివైపునుండి మెకము వైపునకు వీచినయెడల ఆనాటి శ్రమయంతయు వ్యర్థమే. కాలిక్రింద ఎండుటాకు చప్పుడైనను, చిన్నరాయి దొరలినను అది కొండ దాటిపోవును. కావున గిట్టలజాడను, మేసిన కొమ్మను, తడియారని పెంటికలను గుర్తించుచు గంటలకొలది మౌనముగా నడువవలెను. మనకు తూర్పున నల్లమలలోని చెంచులకు ఈ విద్య వెన్నతో బెట్టినది. విల్లంబులతో వేటాడుటవలన వారు మెకమునకు మిక్కిలి చేరువగా పోవలసి యుండెను. కొండవేటలో ధనమునకుగాని పదవికిగాని విలువలేదు, ఓర్పొక్కటే పనికివచ్చును.

ఆ కాలమున వేట రాజకీయములలో గూడ నొక భాగమై యుండెను. 1902వ సంవత్సరము వేసవియందు కర్జన్ ప్రభువు ఓరుగల్లు సీమయందలి నెక్కొండవద్ద పులివేట కేగెను. నిజాము కొలువులోని ఛాయాచిత్రకారుడగు రాజా దీనదయాళ్ తీసిన పటములు నేటికిని ఆ వేటకు సాక్ష్యమిచ్చుచున్నవి. అదే సంవత్సరము నవంబరులో బీరారు సీమను సాలుకు ఇరువదియైదు లక్షల రూపాయలకు శాశ్వతముగా ఇంగ్లీషువారికి కౌలునకిచ్చు ఒడంబడిక జరిగెను. పులులను జంకక యెదుర్కొన్న ఈ ప్రభువు, అతిథియై వచ్చిన రాజప్రతినిధియెదుట తన పాడిపంటల సీమను నిలుపుకొనలేకపోయెను.

ఆయన జీవితమున అన్నిటికంటె గొప్ప పరీక్ష 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చెను. మూసీనది పొంగి, వంతెనలను ముంచి, హైదరాబాదు నగరమును తుడిచిపెట్టెను. సుమారు పదునైదువేలమంది ప్రాణములు గోల్పోయిరందురు. అఫ్జల్‌గంజు ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది బ్రతికిరి. ఆ చెట్టు నేటికిని నిలిచియున్నది. ఆ దినములలో మహబూబ్ అలీఖాన్ వేట తుపాకిని ప్రక్కనబెట్టి ప్రజల నడుమకు వచ్చెను. తన మహలుల ద్వారములను దెఱపించి నిరాశ్రయులకు నీడయు నన్నమును గల్పించెను. హిందువుల ఆచారము ననుసరించి నదికి హారతి నిచ్చి శాంతింప వేడుకొనెనని గూడ జనులు చెప్పుకొందురు. మఱుసటి యేట వరదల నరికట్టు ఉపాయమును జెప్పుటకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. ఆయన యోచన ఫలితముగానే తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు వెలసినవి. వానిని చూచుటకు మహబూబ్ అలీఖాన్ బ్రదికియుండలేదు. 1911 ఆగస్టు 29వ తేదీన, నలువదియైదేండ్ల వయస్సున, ఫలక్‌నుమా మహలులో కన్నుమూసెను. మక్కామసీదు ఆవరణమున ఆయనను సమాధి చేసిరి.

నాటి వేటగాండ్రు అడవిసంపదకు అంతులేదని తలంచిరి. అది పొరపాటని కాలము తెలిపినది. మన దేశమున చీటాలు నశించినవని 1952లో ప్రకటింపవలసి వచ్చెను. 2022లో నమీబియానుండి కొన్నిటిని దెచ్చి మధ్యప్రదేశములోని కూనో అడవిలో విడిచిరి. 1972లో వచ్చిన చట్టము అడవిమృగముల వేటను మాన్పించెను. హైదరాబాదువద్ద నిజాములు వేటాడిన నేలయే 1975లో మహావీర హరిణవనస్థలి యను పేర జింకలకు ఆశ్రయమైనది. పాకాల అడవియు అభయారణ్యమైనది. నేడు మన పడమటనున్న కృష్ణ, మాగనూరు ప్రాంతములలో జింకల మందలు పైరులను మేయుటచే రైతులు మొఱ పెట్టుచున్నారు. పంటను గోల్పోయిన రైతు దుఃఖము నిజమైనది. జింక ప్రాణమును నిజమైనదే. ఈ రెంటిని గాపాడు మార్గమును వెదకుట నేటి పాలకులకు పరీక్ష.

బాలురారా! మహబూబ్ అలీఖాన్ కొట్టిన పులుల లెక్క కథలలో మిగిలినది. వరదనాడు ఆయన తెఱపించిన తలుపులే ప్రజల హృదయములలో నిలిచినవి. గుఱి చూడగల కన్నును వణకని చేతిని మీరును సంపాదింపుడు. ఆ నేర్పును బలహీనుల రక్షణకై వినియోగించువానికే ప్రియమైనవాడను పేరు తగునని మఱువకుడు.